ఎస్‌ఎంపీఎస్ పోయిందా? ముందు ఎల్‌సీ తీసుకోండి

విశాఖలో దువ్వాడ, కూర్మన్నపాలెం, గాజువాక వైపు ఏ వీధిలోకి వెళ్లినా డెస్క్‌టాప్ కంప్యూటర్ కనబడుతుంది. ఇంజనీరింగ్ చదివే పిల్లల గదుల్లో, మీసేవ కేంద్రాల్లో, స్టేషన్ దారిలోని జిరాక్స్ షాపుల్లో, సెజ్‌లోని ఆఫీసుల్లో రోజంతా పనిచేస్తూనే ఉంటాయి. ఒకరోజు బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. అప్పుడు చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "ఎస్‌ఎంపీఎస్ పోయినట్టుంది, విప్పి చూద్దాం." ఈ ప్రసంగం ఆ విప్పి చూడటం గురించే. విప్పి చూడాల్సినవి ఏవి, ఎప్పటికీ విప్పకూడనిది ఏది, ఏ వరుసలో చూస్తే మనిషికి ప్రమాదం లేకుండా లోపం దొరుకుతుంది, ఈ సంగతులు చెబుతాను. ఈ ప్రాంతంలో కంప్యూటర్లు బాగుచేయడమే నా వృత్తి కాబట్టి, రోజూ చూసేవే చెబుతాను.

మన దగ్గర చాలా ఇళ్లలో ఉక్కు కర్మాగారంలోనో, రైల్వేలోనో, విద్యుత్ సంస్థలోనో పనిచేసేవారు ఒకరుంటారు. స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ ఏం చేస్తాడో వాళ్లకు తెలుసు. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటాడు, అంటే లైన్ క్లియర్. సరఫరా ఆపించి, నిజంగా ఆగిందో లేదో పరీక్షించి, తీగలకు ఎర్త్ కట్టి, ఆ తర్వాతే చెయ్యి వేస్తాడు. ప్లాంటులో మోటారు విప్పాలన్నా అంతే. షట్‌డౌన్ తీసుకోవాలి, ఫీడర్ ఆపాలి, తాళం వేసి ట్యాగ్ కట్టాలి. ఇంత క్రమశిక్షణ తెలిసిన ఇంట్లోనే, ఆదివారం పూట ప్లగ్గు గోడకే ఉండగా పిల్లవాడు స్క్రూడ్రైవర్ పట్టుకుని కేబినెట్ ముందు కూర్చుంటాడు. అదేదో చిన్న పెట్టె అనీ, బొమ్మలాంటిదనీ పెద్దలు కూడా ఊరుకుంటారు. ఆ పెట్టెలో ఉండే వోల్టేజీ ఎంతో తెలిస్తే ఊరుకోరు.

మన గోడ ప్లగ్గులో వచ్చేది 230 వోల్టుల ఏసీ. కంప్యూటర్ లోపలి భాగాలకు కావలసింది 12, 5, 3.3 వోల్టుల డీసీ. ఈ మార్పు చేసేది కేబినెట్ వెనుక మూలన ఉండే ఇనుప డబ్బా. దాన్నే మనం ఎస్‌ఎంపీఎస్ అంటాం. లోపలికి వచ్చిన ఏసీని అది ముందుగా డీసీగా మారుస్తుంది. అలా మార్చినప్పుడు వోల్టేజీ తగ్గదు. సుమారు 325 వోల్టులకు పెరుగుతుంది, ఎందుకంటే 230 అనేది ఏసీకి మనం లెక్కించే ప్రభావ విలువ, ఆ అల శిఖరం 325 దగ్గర ఉంటుంది. పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూట్ ఉన్న కొత్త రకాల్లో ఇది 380, 400 వోల్టుల దాకా వెళుతుంది. ఈ డీసీని సెకనుకు పదుల వేలసార్లు ఆపుతూ వదులుతూ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతుంది. అంత వేగం వల్లే ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైనా సరిపోతుంది. అవతలి వైపు నుంచి 12 వోల్టులు, తక్కినవి వస్తాయి.

ప్రమాదం ఉన్నది ఇవతలి వైపున. ఆ 325 వోల్టులను నిల్వ ఉంచడానికి బొటనవేలంత లావు కెపాసిటర్లు ఉంటాయి. ప్లగ్గు పీకేసినా వాటిలో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. దాన్ని మెల్లగా ఖాళీ చేసే రెసిస్టర్లు సాధారణంగా ఉంటాయి. కానీ లోపమున్న ఎస్‌ఎంపీఎస్‌లో ఆ రెసిస్టరే తెగి ఉండొచ్చు. అప్పుడు ఎంతసేపు ఆగాలో బయటనుంచి ఎవరూ చెప్పలేరు. మా ఇంట్లో ఆర్‌సీసీబీ ఉందిగా అని ధైర్యపడకండి. ఇంటి వైరింగులో కరెంటు లీకైతే అది పడిపోతుంది, నిజమే. గోడకు సంబంధం తెగిపోయాక కెపాసిటర్‌లో మిగిలిన కరెంటు దాని కంటికి కనబడదు.

అందుకే మొదటి నియమం: ఎస్‌ఎంపీఎస్ ఇనుప డబ్బాను ఇంట్లో విప్పకూడదు. కేబినెట్ పక్క మూత తీయొచ్చు, కేబుళ్లు ఊడదీసి మళ్లీ పెట్టొచ్చు, ఎస్‌ఎంపీఎస్‌ను మొత్తంగా తీసి మరొకటి బిగించొచ్చు. ఆ డబ్బా మరలు మాత్రం ముట్టుకోవద్దు. సర్క్యూట్లు చదివి, కెపాసిటర్లను పద్ధతిగా డిశ్చార్జ్ చేయడం వచ్చి, తగిన పరికరాలు ఉన్నవాళ్ల పని అది.

రెండో సంగతి. కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేస్తే మానిటర్ నల్లబడుతుంది, ఫ్యాన్లు ఆగుతాయి. కానీ కరెంటు పూర్తిగా ఆగదు. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతి ప్రకారం, ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ ఊదా రంగు తీగలో 5 వోల్టులు మదర్‌బోర్డుకు వెళుతూనే ఉంటాయి. ముందున్న బటన్ నేరుగా కరెంటును ఆపేది కాదు, లేవమనీ పడుకోమనీ బోర్డుకు కబురు పంపేది మాత్రమే. అలాంటి స్థితిలో ర్యామ్ పీకినా, కార్డు పెట్టినా మంచి బోర్డు చెడిపోవచ్చు.

ఇప్పుడు ఇంట్లో ఎల్‌సీ ఎలా తీసుకోవాలో చెబుతాను. కాగితం, పెన్ను దగ్గరుంటే రాసుకోండి. ఒకటి, వీలైతే కంప్యూటర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేయండి. రెండు, గోడ స్విచ్ ఆపండి. మూడు, ప్లగ్గు పూర్తిగా బయటకు లాగండి. స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు. వైరింగ్ తప్పుగా చేసిన ఇళ్లలో స్విచ్ ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద ఉంటుంది, అప్పుడు స్విచ్ ఆపినా ఫేజు లోపలిదాకా వస్తూనే ఉంటుంది. యూపీఎస్ ఉంటే దాని నుంచి కూడా కేబుల్ ఊడదీయండి, ఎందుకంటే ఇంట్లో మెయిన్ ఆపినా బ్యాటరీ నుంచి యూపీఎస్ 230 వోల్టులు ఇస్తుంది. నాలుగు, మానిటర్, ప్రింటర్, నెట్ కేబుళ్లు తీసేయండి. ఐదు, కేబినెట్ ముందు బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలినది చాలావరకు ఖాళీ అవుతుంది. ఆరు, పది నిమిషాలు ఆగండి. ఏడు, తీసిన ప్లగ్గును మీ కళ్లెదుట పెట్టుకోండి. వంటింట్లోంచి వచ్చిన మరొకరు ఊడిపోయిందేమో అనుకుని మళ్లీ పెట్టకుండా ఇంట్లోవాళ్లకు ఒక మాట చెప్పండి. ట్యాగ్ కట్టడమంటే ఇదే. చేతులు, నేల పొడిగా ఉండాలి, కాలికి చెప్పులుండాలి, ఉంగరాలు, గొలుసులు తీసేయాలి.

ఇక లోపం వెతకడం. గోడ దగ్గర మొదలుపెట్టి లోపలికి వెళ్లాలి. మూత తెరవకుండానే దొరికే లోపాలు మీరు అనుకునేదానికంటే ఎక్కువ.

ముందు గోడ ప్లగ్గులో ఒక టేబుల్ ల్యాంప్ పెట్టి చూడండి. వెలిగితే స్పైక్ బస్టర్‌లో పెట్టి చూడండి. అక్కడ వెలగకపోతే దాని స్విచ్ గానీ, ఫ్యూజు గానీ పోయినట్టు. తర్వాత కంప్యూటర్ పవర్ కార్డు. మానిటర్ కార్డు కూడా చాలాసార్లు అదే రకం కాబట్టి, రెండూ మార్చి చూడొచ్చు. ఎస్‌ఎంపీఎస్ వెనుక చిన్న స్విచ్ ఉంటే అది సున్నా వైపు కాకుండా గీత వైపు ఉండాలి. గది ఊడ్చేటప్పుడు కేబినెట్ జరిపితే అది ఆగిపోవడం మామూలే.

పాత ఎస్‌ఎంపీఎస్‌లకు వెనుక ఎర్రటి చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది, దాని మీద 115, 230 అని అంకెలుంటాయి. మన దేశంలో అది ఎప్పుడూ 230 మీదే ఉండాలి. 115 మీదకు జరిపితే ఆ సర్క్యూట్ లోపలి వోల్టేజీని రెట్టింపు చేస్తుంది, కెపాసిటర్లు, వాటి వెనుక భాగాలు పెద్ద శబ్దంతో పేలిపోతాయి. పిల్లల చేతికి అందేచోట ఉంటే దానిమీద టేపు అంటించండి.

కూర్మన్నపాలెం వైపు ఒక జిరాక్స్ షాపులో కంప్యూటర్ ఊరికే రీస్టార్ట్ అవుతోందని, ఎస్‌ఎంపీఎస్ మార్చాలని అడిగారు. కాసేపు అక్కడే కూర్చుని చూస్తే, లేజర్ ప్రింటర్ కాగితం లాగిన ప్రతిసారీ కంప్యూటర్ ఆగుతోంది. లేజర్ ప్రింటర్‌లో కాగితంపై పొడిని కరిగించి అంటించే హీటర్ ఉంటుంది, అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. ప్రింటర్, కంప్యూటర్, ఫ్యాన్ అన్నీ ఒకే సన్నని తీగ స్పైక్ బస్టర్ మీద ఉన్నాయి. ప్రింటర్‌ను వేరే ప్లగ్గుకు మార్చగానే రీస్టార్ట్ అవడం ఆగిపోయింది. కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనాల్సిన పనే లేకపోయింది. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించకూడదన్న సలహాకు కారణం కూడా ఆ హీటరే.

ఇంకొక ఫిర్యాదు తరచుగా వింటాను: కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది. ఎస్‌ఎంపీఎస్ ముఖద్వారంలో ఫేజుకూ, న్యూట్రల్‌కూ, ఇనుప డబ్బాకూ మధ్య చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ సరిగా ఉంటే వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే డబ్బా మీద దాదాపు సగం వోల్టేజీ, అంటే 115 దరిదాపుల్లో నిలుస్తుంది. కరెంటు పరిమాణం చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. అయితే అది చెబుతున్న సంగతి చాలా పెద్దది. రేపు లోపల నిజంగా ఫేజు తీగ డబ్బాకు తగిలితే, ఆ కరెంటుకు మీ శరీరం తప్ప వేరే దారి లేదు. కింద అట్టముక్క వేయడం, చెప్పులేసుకుని పనిచేయడం దీనికి పరిష్కారం కాదు. మూడో పిన్ను విరిచేసి రెండు పిన్నులతో నెట్టుకురావద్దు. ప్లగ్గు పెట్టెలో ఎర్త్‌ను న్యూట్రల్‌తో కలిపి ముడివేయడం మరీ ప్రమాదం, న్యూట్రల్ తెగిన రోజున కేబినెట్ మొత్తానికీ ఫేజు వస్తుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ పరీక్ష చేయించండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఎర్త్ పైపు, దాని బోల్టు త్వరగా తుప్పుపడతాయి. ఎండాకాలంలో గొయ్యి ఎండిపోతుంది. అప్పుడప్పుడు నీళ్లు పోయడం పాత పద్ధతే అయినా మంచి పద్ధతి.

గోడవైపు అంతా బాగుందని తేలాక, ఎల్‌సీ తీసుకుని కేబినెట్ మూత తెరవండి. ముందు ఇనుప ఫ్రేమును ఒకసారి చేత్తో తాకి ఒంట్లోని స్టాటిక్ పోగొట్టుకోండి. ముక్కుతో, కంటితో చూడండి. కాలిన వాసన ఎక్కడినుంచి వస్తోంది? కనెక్టర్ ప్లాస్టిక్ ఎక్కడైనా గోధుమ రంగుకు తిరిగిందా? పాత నాలుగు పిన్నుల మోలెక్స్‌ను శాటాకు మార్చే చౌకరకం కేబుళ్లు కరిగిపోవడం సాధారణం. బోర్డు మీది చిన్న కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో చూడండి. ఎస్‌ఎంపీఎస్ నుంచే కాలిన వాసన వస్తున్నా, టప్‌మని శబ్దం వచ్చినా, ఆన్ చేయగానే ఎంసీబీ పడుతున్నా పరీక్షలు అక్కడితో ఆపండి. మరొకసారి ఆన్ చేసి చూద్దామనుకోవద్దు.

అలాంటివేమీ లేకపోతే 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌ను, ప్రాసెసర్ పక్కనుండే నాలుగు లేక ఎనిమిది పిన్నుల చిన్న కనెక్టర్‌ను ఊడదీసి గట్టిగా పెట్టండి. చిన్నది వదులైతే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ తెర మీదకు ఏమీ రాదు. ఫ్యాన్ ఒకసారి కదిలి ఆగిపోతుంటే, ఎక్కడో షార్ట్ ఉందని ఎస్‌ఎంపీఎస్ తనంతట తాను ఆగిపోతోందని అనుమానించాలి. హార్డ్ డిస్కు, డీవీడీ, గ్రాఫిక్స్ కార్డు ఒక్కొక్కటే తీసి చూడండి. తీసే ప్రతిసారీ ప్లగ్గు పీకాలి. ఏది తీశాక లేచిందో, లోపం అందులో ఉంది. కంప్యూటర్ లేచి తేదీ, సమయం మాత్రం మరిచిపోతుంటే అది బోర్డు మీది సీఆర్ 2032 బటన్ సెల్ పని. దానికి ఎస్‌ఎంపీఎస్‌ను నిందించకండి.

మల్టీమీటర్ వాడటం వచ్చినవారు కంప్యూటర్ నడుస్తుండగా తక్కువ వోల్టేజీ వైపు మాత్రమే కొలవొచ్చు. మీటర్ డీసీ 20 వోల్టుల మీద ఉండాలి, ఎర్ర తీగ కరెంటు కొలిచే 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండకూడదు. అందులో ఉంటే కొలవబోయి షార్ట్ చేస్తారు. నల్ల ప్రోబు కనెక్టర్‌లోని నల్ల తీగకు పెట్టండి. పసుపు తీగలో 12 వోల్టులు, ఎరుపులో 5, నారింజలో 3.3 ఉండాలి. ఐదు శాతం తేడా ఉండొచ్చు. అంటే 12కు 11.4 నుంచి 12.6 దాకా, 5కు 4.75 నుంచి 5.25 దాకా. ఖాళీగా ఉన్నప్పుడు 12 చూపి, పని పెరగగానే 11 కిందికి జారిపోతే ఎస్‌ఎంపీఎస్ అలసిపోయిందనే లెక్క.

ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపి ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా ఆన్ చేసే పరీక్ష గురించి కుర్రాళ్లందరికీ తెలుసు. చేసేవారు బోర్డు నుంచి కేబుళ్లన్నీ తీశాక, ప్లగ్గు బయట ఉండగానే, ఇన్సులేషన్ ఉన్న తీగతో కలిపి, చెయ్యి తీశాక ప్లగ్గు పెట్టి గోడ స్విచ్ వేయాలి. ఫ్యాన్ తిరిగితే లేచిందని మాత్రమే అర్థం, బరువు మోయగలదని కాదు. తీగలన్నీ నలుపే అయిన కొత్తరకాల్లో ఊహతో పిన్నులు కలపవద్దు. వీటన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష, బాగా పనిచేస్తున్న మరో ఎస్‌ఎంపీఎస్ తెచ్చి తగిలించి చూడటం.

కొత్తది కొనాలని తేలితే డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 450 వాట్లు చూసి తీసుకోకండి. పక్కనున్న లేబుల్‌లో 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లో చూడండి. 18 అని ఉంటే 12ను 18తో గుణించండి, 216 వాట్లు వస్తాయి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతికేది ఆ 216 మీదే. ఇంకొక హెచ్చరిక: కేబుళ్లు విడిగా ఊడివచ్చే మాడ్యులర్ రకమైతే పాత కేబుళ్లన్నీ తీసి, కొత్త దానితో వచ్చినవే వాడండి. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. ప్లగ్గు సరిపోయింది కదా అని పాతది పెడితే, 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్లి హార్డ్ డిస్కు, అందులోని ఫోటోలు, ప్రాజెక్టులు అన్నీ పోతాయి.

మన వాతావరణం సంగతి. ఉప్పుగాలి, తేమ, పారిశ్రామిక ధూళి కలిసి ఎస్‌ఎంపీఎస్ లోపల పొరలా పేరుకుంటాయి. ఎండగా ఉన్నప్పుడు ఏమీ కాదు, ముసురు పట్టినప్పుడు ఆ పొర తేమ పీల్చి కరెంటును దారి మళ్లిస్తుంది. కేబినెట్‌ను నేలమీద కాకుండా చిన్న బల్ల మీద, గోడకు జానెడు దూరంలో ఉంచండి. దుమ్ము దులపాలంటే ప్లగ్గు పీకి, ఆరుబయట, జాలీలోంచి బ్లోయర్ కొట్టండి. డబ్బా విప్పనక్కరలేదు.

తుపానుల సంగతి విశాఖవాసులకు ఒకరు చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన రోజు స్తంభాలు వరుసగా నేలకొరిగాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి సమయాల్లో కరెంటు తిరిగొచ్చే ఘడియే కంప్యూటర్‌కు గండం. వీధి లైన్‌లో న్యూట్రల్ తెగి ఉంటే కొన్ని ఇళ్లకు 230 బదులు 400కు దగ్గరగా వోల్టేజీ రావచ్చు. తుపాను హెచ్చరిక రాగానే ప్లగ్గులు పీకేయండి. కరెంటు వచ్చాక ముందు ఒక్క లైటు వేయండి. మరీ తెల్లగా వెలిగినా, మిణుకుమిణుకుమన్నా, ఫ్యాను విపరీత వేగంతో తిరిగినా మెయిన్ ఆపి 1912కు ఫోన్ చేయండి. అంతా నిలకడగా ఉంటే పది, పదిహేను నిమిషాలాగి కంప్యూటర్ పెట్టుకోండి. వాన నీళ్లు లోపలికి వెళ్లిన కంప్యూటర్‌ను బయటికి ఆరినట్టు కనబడినా ఆన్ చేయవద్దు.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా ఎవరికైనా షాక్ కొడితే, వాళ్లను చేత్తో పట్టుకుని లాగవద్దు. మెయిన్ ఆపండి. ఆపడానికి వీలుకాకపోతే పొడి కర్రతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో తీగ నుంచి వేరుచేయండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతుకు గట్టిగా నొక్కుతూ, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకుండా చేయండి. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రిలో ఒకసారి చూపించండి.

మిత్రులారా, పిల్లలు కంప్యూటర్ విప్పడం మంచిదే. నేర్చుకునే చేతులు ఆ పని చేయాల్సిందే, వాళ్లను అదిలించి దూరం చేయకండి. పెద్దలు పక్కన కూర్చుని మొదట నేర్పాల్సింది మాత్రం ప్లగ్గు పీకి, దాన్ని కళ్లెదుట పెట్టుకోవడం. ప్లాంటులో, సబ్‌స్టేషన్‌లో ఏళ్ల తరబడి ఆ నియమాన్ని పాటించినవాళ్ల కంటే బాగా దాన్ని నేర్పేవారు ఎవరుంటారు? ఇక పాడైన ఎస్‌ఎంపీఎస్‌ను రాగి కోసం మంట పెట్టేవాళ్లకు అమ్మకండి, ఆ పొగ మన పిల్లలే పీల్చాలి. అనుమతి ఉన్న ఈ-వేస్ట్ సేకరణ కేంద్రానికి ఇవ్వండి.

ఈ వారంలో మీరు చేయగలిగిన పనులు మూడున్నాయి. కంప్యూటర్ ప్లగ్గుకు మూడో పిన్ను ఉందో లేదో చూడండి. ఎర్త్‌ను ఎలక్ట్రీషియన్‌తో పరీక్షింపజేయండి. లేజర్ ప్రింటర్ ఉంటే దాన్ని వేరే ప్లగ్గుకు మార్చండి. ఈ మూడూ చేసిన ఇంట్లో స్క్రూడ్రైవర్ తీయాల్సిన రోజులు బాగా తగ్గుతాయి.